నాలుగు పిన్నులు పీకేసిన మనిషి

మా నాన్న ఫోన్లో అసలు సంగతి ఎప్పుడూ చివర్న చెబుతారు. కిందటి నెల్లో కూడా కొబ్బరికాయ రేటు, అంబాజీపేటలో వాన, అమ్మ మోకాలి నొప్పి అన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తానని చెప్పి, మళ్ళీ "అన్నట్టు, మన వీడియో బాబాయ్ పోయేడమ్మా. గుండె నొప్పంట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే" అన్నారు.

ఇప్పుడు పాప పడుకుంది. దాని చెవి మిషన్లు రెండూ తుడిచి, బ్యాటరీ తలుపులు తెరిచి, చెమ్మ పట్టకుండా డబ్బాలో పెట్టాను. ఈ పని అయ్యాక నాకు రోజూ కాసేపు నిద్ర పట్టదు. మిషన్లు తీసేస్తే నేను పిలిచినా దానికి వినపడదు కదా అని అస్తమానూ దాని మంచం వైపు చూస్తూ ఉంటాను. ఆ ఖాళీలో కూర్చుని ఆయన గురించి రాస్తున్నాను.

అంబాజీపేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళెవరూ నాకు తెలీదు. పెళ్ళిళ్ళకి వీడియో తీసేవారు కాబట్టి పెద్దవాళ్ళకి వీడియో గారు, మాకు వీడియో బాబాయ్‌గారు. మనిషి బాగా లావు. చొక్కా జేబులో దువ్వెన, చెవి పక్కన సెంటు. గొంతు మరీ పెద్దది. పెళ్ళి పందిట్లో ఒక పక్క జనరేటరు, ఒక పక్క బ్యాండు మేళం, వాటి మీంచి "ఒక్క అడుగు వెనక్కండీ" అని అరిచి అరిచి, గొంతు ఆ ఎత్తులోనే నిలబడిపోయిందని మా అమ్మ అనేది. కాఫీలో పంచదార తక్కువైందని ఆయన చెబితే ఆ సంగతి పక్క వీధికి కూడా తెలిసేది.

ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని చూడరు. కిటికీలు చూస్తారు. "ఎంత వెలుతురండీ, వేస్టయిపోతంది" అని బాధపడతారు. ఆ తర్వాత మనల్ని చెయ్యి పట్టుకుని ఆ వెలుతుర్లోకి జరిపి, అప్పుడు కుశలం అడుగుతారు. భోజనానికి పిలిస్తే మూడింటి దాకా తినరు. పెళ్ళిళ్ళలో ఎప్పుడూ ఆఖరి బంతి కాబట్టి మామూలు రోజుల్లో కూడా ఆకలి ఆ వేళకే వేస్తుందట. వైర్లతో బతికే మనిషికి కరెంటంటే చచ్చేంత భయం. ప్లగ్గు ముట్టుకోవాలంటే కాళ్ళకి రబ్బరు చెప్పులుండాలి. ఇంట్లోకి చెప్పులేంటని ఎవరైనా అంటే, సంచిలోంచి వేరే జత తీసి చూపించేవారు. "ఇవి నడిచే చెప్పులు కాదండీ, కరెంటు చెప్పులు. మట్టి మీద వేసి ఎరగను. మీ దేవుడి గది ఎటో చెప్పండి, అటు రాను."

ఆయన్ని మొదటిసారి దగ్గర్నుంచి చూసింది నా ఓణీల ఫంక్షన్లో. అప్పట్లో వీడియో అంటే ఒక మనిషి కెమెరా, ఇంకో మనిషి పెద్ద లైటు పట్టుకోవాలి. ఆ లైటు వేడికి చెమటలు పట్టి, అంతమంది చూస్తుంటే సిగ్గేసి, నేను తల దించేసి ఏడవడం మొదలుపెట్టాను. "తలెత్తవే, ఇంత ఖర్చు పెట్టి వీడియో పెట్టిస్తే" అని మా మేనత్త గద్దించింది. నేను ఇంకా దించాను.

"పిల్లనేం అనకండీ. పిల్ల సంగతి తర్వాత" అన్నారాయన. "ముందు అమ్మమ్మగార్ని తీస్తాను. అమ్మమ్మగారూ, మీ ఓణీలనాడు ఎలా కూర్చున్నారో కూర్చోండి చూద్దాం."

"ఏడిసినట్టే ఉంది, అప్పుడు ఓణీలెక్కడివయ్యా" అంటూనే మా అమ్మమ్మ నా పక్కన పీట వేయించుకుని కూర్చుంది. గెడ్డం కింద వేలు పెట్టుకుని, కళ్ళు వాల్చి, ఒక్క పన్నూ కనపడకుండా నవ్వింది. పందిరంతా ఘొల్లుమంది. ఏం జరిగిందా అని నేను తలెత్తాను. ఆ క్యాసెట్లో నేను నవ్వుతూ ఉన్నది ఆ ఒక్కచోటే.

నా పెళ్ళికి కూడా ఆయనే. అప్పటికి స్టూడియోలో కంప్యూటరు పెట్టారు. మిక్సింగు ఆయనే చేసేవారు. తామర పువ్వు విచ్చుకుంటే అందులో నేను, మంచుకొండల మీద ఎగిరే హృదయంలో మా ఆయన. మా అత్తగారి మొహాన్ని మాత్రం ఒక యాపిల్ పండులో పెట్టి, ఆ పండుని గిరగిరా తిప్పారు. అమలాపురంలో మా అత్తవారింట్లో ఆ సీడీ వేసినరోజు ఆవిడ టీవీ ముందునుంచి లేచి వెళ్ళిపోయారు. "నా మొహమే దొరికిందా తిప్పడానికి" అని చాలా కాలం అనేవారు.

ఇవన్నీ నవ్వుకోవడానికి గుర్తుంచుకున్న సంగతులు. ఆయన్ని నేను మర్చిపోలేని కారణం వేరే ఉంది.

మా అమ్ములికి రెండేళ్ళు నిండాక కూడా మాట రాలేదు. పిలిస్తే తిరిగేది కాదు. కాకినాడలో పరీక్షలు చేసి, రెండు చెవులకీ మిషన్లు పెట్టించారు. మాటలు నేర్పే మేడం దగ్గరికి పదిహేను రోజులకోసారి బస్సులో తీసుకెళ్ళేదాన్ని. "వినడం మొదలైంది. కానీ గొంతు వాడటం అలవాటవ్వాలి. ఇప్పుడే అవ్వాలి. పెద్దదయ్యేకొద్దీ కష్టమవుతుంది" అన్నారావిడ. అమ్ములు మాత్రం పెదవి విప్పేది కాదు. కావలసినదాని వైపు నా వేలు పట్టుకుని లాగేది. ఒక్క మేడం గదిలోనే, కంప్యూటర్లో ఒక ఆట ఉండేది. మైకులో గొంతు పెడితే తెర మీద బెలూను పైకి లేస్తుంది. ఆపితే దిగిపోతుంది. ఆ బెలూను కోసం అది ఒకసారి, ఒకే ఒక్కసారి, "ఊ" అంది. నేను ఆ గదిలోనే ఏడ్చేశాను. మేడం ఆ ఆట సీడీ, ఒక మైకూ ఇచ్చి, "ఇంట్లో రోజూ ఆడించండి. పదిహేను రోజులకోసారి అయితే చాలదు" అన్నారు.

ఇంట్లో కంప్యూటరు లేదు. మా ఆయన మస్కట్‌లో డ్రాయింగులు గీసే పనిలో ఉన్నారు. వాళ్ళ ఆఫీసులో కంప్యూటర్లు మారుస్తుంటే ఒకటి తీసుకుని, ఊరొచ్చే స్నేహితుడితో పంపారు. సామాను బరువెక్కువైందని అతను సీపీయూ ఒక్కటే తేగలిగాడు. ఫర్వాలేదనుకున్నాను. నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదివేటప్పుడు నాన్న కొన్న లావుపాటి పాత మానిటరూ, కీబోర్డూ ఉన్నాయి. సీపీయూ ఎప్పుడో పాడైపోయినా, మానిటరు మా అత్తగారింట్లో కుట్టుపూల గుడ్డ కప్పుకుని, నెత్తిన పూలకుండీ పెట్టుకుని ఉంది.

తీరా చూస్తే రెండూ కలవలేదు. పాత మానిటరు వైరు చివర చిన్న ప్లగ్గు, మూడు వరసల్లో పిన్నులు. మస్కట్ నుంచి వచ్చినదాంట్లో డ్రాయింగుల కోసం వేసిన పెద్ద గ్రాఫిక్స్ కార్డు. దానికి రెండు వెడల్పాటి తెల్ల సాకెట్లు. వాటికి కొత్త రకం పల్చటి మానిటర్లే తగులుతాయి. అమలాపురంలో షాపతను "ఆ డబ్బా పారేసి కొత్త మానిటర్ తీసుకోండి మేడం" అన్నాడు. చెవి మిషన్లకి అంత ఖర్చయ్యాక ఇంట్లో ఇంకో వస్తువు మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. వారాలు గడుస్తున్నాయి. మేడం చెప్పిన "ఇప్పుడే" అన్న మాట ఒక్కటే నా బుర్రలో తిరుగుతుండేది.

నాన్న ఈ సంగతి ఎవరి దగ్గర అన్నారో, ఒకరోజు పొద్దున్నే వీధిలో స్కూటరు ఆగింది.

"చెల్లెమ్మగారూ! యాపిల్ పళ్ళు తెచ్చేనండీ!"

మా అత్తగారు వంటింట్లోంచే, "తెస్తే తెచ్చేరు గానీ, మళ్ళీ నా మొహం వాటిల్లో పెట్టకండి" అన్నారు.

"ఆయ్. ఈసారి బావగారిది పెడతాను. తిరగడానికి ఆయన మొహం గుండ్రంగా బాగుంటాది."

అరుగు మీద పేపరు చదువుతున్న మా మావగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

వీడియో బాబాయ్‌గారు కెమెరా సంచిలోంచి కరెంటు చెప్పులు తీసి తొడుక్కున్నారు. తర్వాత అగ్గిపెట్టెంత తెల్లటి వస్తువు తీశారు. ఒక పక్క వెడల్పు ప్లగ్గు, రెండో పక్క పాత మానిటరు వైరు దూరే చోటు. "దీన్ని ఎడాప్టరంటారు. కొత్త కార్డుతో ఇలాంటివి వస్తాయండీ, అందరూ డబ్బాతోపాటు పారేస్తారు. నేను దాస్తాను. నిమిషంలో బొమ్మొచ్చేస్తాది, చూడండి" అన్నారు.

నిమిషం కాలేదు. ఎడాప్టరు సాకెట్లోకి దూరలేదు. తిప్పి చూశారు, నొక్కి చూశారు. ప్లగ్గుకి ఒక చివర బల్లపరుపు రేకు, దాని చుట్టూ నాలుగు సన్నటి పిన్నులు ఉన్నాయి. ఆ నాలుగూ అడ్డమొస్తున్నాయి. సాకెట్లో వాటికి కన్నాలు లేవు.

"ఇవేవో ఎక్కువున్నాయి. కంపెనీవోళ్ళు అన్నిట్లోనూ పెట్టేస్తారు లెండి" అని పట్టకారు తీసి, నేను "బాబాయ్‌గారూ, ఒక్కసారి ఆగండి" అనేలోపు, టక్ టక్‌మని నాలుగూ పీకేశారు. ఇప్పుడు సుబ్బరంగా దూరింది. మొహం వెలిగిపోయింది. దువ్వెన తీసి తల దువ్వుకున్నారు. ఏ బొమ్మ చూసే ముందైనా ఆయన అలా దువ్వుకునేవారు. మా అత్తగార్నీ, మావగార్నీ, నన్నూ, పాపనీ గ్రూప్ ఫొటోకి నిలబెట్టినట్టు మానిటరు ముందు నిలబెట్టి, స్విచ్చి వేశారు.

సీపీయూ గుర్రుమంది. తెర నల్లగానే ఉంది.

వైరు కదిపారు. రెండో సాకెట్లో పెట్టారు. నలుపే. అప్పుడు టార్చి వేసి, కళ్ళు చికిలించి రెండు సాకెట్లనూ పక్కపక్కన చూశారు. నేనూ వంగి చూశాను. దూరం నుంచి కవల పిల్లల్లా ఉన్నాయి గానీ, రెండోదానికి రేకు దూరే చీలిక చుట్టూ నాలుగు బుల్లి కన్నాలున్నాయి. మొదటిదానికి లేవు. కొత్త రకం మానిటర్లకైతే మిగతా పిన్నులు చాలు. పాత మానిటరుకి బొమ్మ వెళ్ళే దారే ఆ నాలుగు పిన్నులు. మొదటే రెండో సాకెట్లో పెట్టుంటే సరిపోయేది. ఆ నాలుగూ ఇప్పుడు గచ్చు మీద ఉన్నాయి.

ఆయన గొంతు తగ్గడం అప్పుడే విన్నాను. "అడ్డమొచ్చేయని పీకేసేనమ్మా. అవే అసలైనవి."

"పోనీలెండి, నాలుగు పిన్నులే కదా" అన్నారు మా అత్తగారు.

"పిన్నులు కాదండీ. పిల్లదాని మాట."

కిందకి వంగి, అంత లావు మనిషి, ఆ పిన్నులు ఒక్కొక్కటీ ఏరి జేబులో వేసుకున్నారు. భోజనానికి ఉండమంటే ఉండలేదు. స్కూటరు వెళ్ళిపోయాక నాకు మనిషి మీద పిచ్చి కోపం వచ్చింది. అంత నమ్మకంగా పట్టకారు తియ్యడం దేనికి? తెలీనిదాన్ని ఒక్క క్షణం ఆగి చూడొచ్చు కదా? అమ్ములు నల్లటి తెర మీద చెయ్యి పెట్టి, నా వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తింది. బెలూను ఏదని.

మర్నాడు నేను దొడ్లో బట్టలారేస్తుంటే మళ్ళీ స్కూటరు చప్పుడు. ఈసారి గొంతు యథాప్రకారం.

"బావగారూ! నా రెండో కన్ను పీకి తెచ్చేనండీ!"

ఆయన స్టూడియోలో మిక్సింగుకి రెండు మానిటర్లు ఉండేవి, ఒకదాంట్లో ముక్కలు, ఒకదాంట్లో పూర్తయిన పెళ్ళి. ఆ రెండో మానిటరు ఎడాప్టరు ఊడబెరికి తెచ్చారు. అసలే మంచి ముహూర్తాల రోజులు. చేతిలో పెళ్ళిళ్ళు చాలా ఉన్నాయి.

"మరి మీ పనెలాగండీ?" అన్నాను.

"ఒంటికన్నుతో చేస్తాను. ఆలస్యమవుద్దని పెళ్ళివారందరికీ చెప్పేసేను. ఎందుకో కూడా చెప్పేసేను. వీడియో గారు చిన్నపిల్ల కోసం త్యాగం చేసేడని ఊరంతా చెప్పుకుంటన్నారు, మీకింకా వినపడలేదా?"

"మీరు చెబితే వినపడకపోవడమేంటి" అన్నారు మావగారు పేపరు వెనకనుంచి.

ఎడాప్టరు ఆయన పెట్టలేదు. "నిన్నట్నుంచి నా చెయ్యి మంచిది కాదు. నువ్వే పెట్టమ్మా" అని నాకిచ్చి దూరంగా నిలబడ్డారు. టార్చి వేసుకుని, నాలుగు కన్నాలున్న సాకెట్లో మెల్లగా నొక్కాను. స్విచ్చి వేశాం. అక్షరాలొచ్చాయి. విండోస్ వాళ్ళ కిటికీ గుర్తు వచ్చింది. ఆయన "ఆయ్!" అని చప్పట్లు కొట్టేలోపే అది పోయి, నల్లటి తెర మీద ఒక చిన్న పెట్టె నిలబడింది. ఔట్ ఆఫ్ రేంజ్ అని.

ఆయన నా మొహం వైపు చూశారు. పట్టకారు మాత్రం సంచిలోంచి తియ్యలేదు.

అది నాకు తెలిసిన జబ్బే. మస్కట్‌లో దీనికి పెద్ద తెర ఉండేది. అంత పెద్ద సైజు బొమ్మని మా పాత డబ్బా పట్టుకోలేదు. మళ్ళీ మొదలుపెట్టి, ఎఫ్8 మీట నొక్కి, తక్కువ సైజు బొమ్మతో తెరిచి, లోపలికెళ్ళి సైజు తగ్గించి పెట్టాను. ఈసారి బొమ్మ నిలబడింది.

"డిగ్రీ చదివిందుకు ఇన్నాళ్ళకి ఒక పని చేసేవు" అన్నారు మా అత్తగారు. ఆయన మాత్రం గుమ్మంలోకెళ్ళి, "మా అమ్మాయి బాగు చేసిందండోయ్" అని వీధికి చెప్పి వచ్చారు.

సీడీ వేశాను. బెలూను వచ్చింది. అమ్ములుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మైకు నోటి దగ్గర పెట్టి, "ఊ అను తల్లీ, ఊ" అన్నాను. అది పెదాలు బిగించేసుకుంది. ఇంకోసారి అడిగాను. మైకు తోసేసింది. ఇంతా చేసి ఇది కూడా పనికిరాదా అనిపించింది. "అనవే" అని గట్టిగా అన్నాను. అది తల దించేసింది.

"పిల్లనేం అనకు. పిల్ల సంగతి తర్వాత" అన్నారాయన. నా చేతిలోంచి మైకు తీసుకుని, అమ్ముల్ని పక్కకి జరిపి, "బావగారూ, మీరు రండి. ఈ బెలూను లేపండి చూద్దాం" అన్నారు.

మావగారు కొంచెంసేపు బెట్టు చేసి, గొంతు సవరించుకుని "హలో" అన్నారు. బెలూను కాస్త లేచి పడిపోయింది. "అంతేనాండీ? పింఛను తగ్గించేస్తారు" అని బాబాయ్‌గారు మైకు అత్తగారికి ఇచ్చారు. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని, "నాకెందుకండీ ఇవన్నీ" అని గొణిగారు. బెలూను కదల్లేదు.

"కూరలబండివాణ్ణి పిలిచే గొంతేమైందండీ? నేను అంబాజీపేటలో ఉండి వింటాను దాన్ని."

"మీ గొంతు కన్నానా!"

ఆ మాటకి బెలూను సగం దాకా లేచింది. అమ్ములు తలెత్తింది. బామ్మని చూసింది, బెలూన్ని చూసింది. ఆయన దానివైపు చూడనే లేదు. కావాలనే వీపు పెట్టి కూర్చుని, మైకు తీసుకుని, "ఒక్క అడుగు వెనక్కండీ!" అని అరిచారు. బెలూను ఝామ్మని వెళ్ళి తెర పైఅంచుకి తగిలి టప్పుమని పేలిపోయింది. అమ్ములు పకపకా నవ్వింది. మళ్ళీ కొత్త బెలూను వచ్చింది. ఆయన మైకు నాకిస్తూ, "ఇప్పుడు వీళ్ళ అమ్మ. ఇంకెవరూ ముట్టుకోకండీ, చిన్నపిల్లలకి ఇవ్వనే ఇవ్వకండీ" అన్నారు.

అమ్ములు నా చేతిలోంచి మైకు లాక్కుంది. రెండు చేతులతో పట్టుకుని, "ఆ" అంది. బెలూను లేచింది. ఆపితే దిగింది. అది అర్థమైన మొహంతో ఒకసారి మా అందర్నీ చూసి, ఊపిరి బాగా పీల్చుకుని, "ఆ..." అని అది పేలేదాకా ఆపలేదు.

మా అత్తగారు పమిటతో కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కూడా జేబురుమాలు తీశారు. కానీ తుడుచుకోకుండా, "ఈ కిటికీ తెరుద్దురూ, వెలుతురు చాల్లేదు" అని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ ఎడాప్టరు మళ్ళీ తీసుకెళ్ళలేదు. ఆ ముహూర్తాలన్నీ ఒక్క మానిటరుతోనే లాక్కొచ్చారు. ప్రతి పెళ్ళిలోనూ ఆ కథ చెప్పేవారు. "అమలాపురంలో మా అమ్మాయి కూతురికి చెవులు వినపడవండీ, మిషన్ల మీద వింటాది, ఎంత తెలివనుకున్నారు" అని. నాకు తల కొట్టేసినట్టుండేది. అప్పటిదాకా మిషన్లు కనపడకుండా పాప జుట్టు చెవుల మీదకి దువ్వేదాన్ని. ఆయన చాటింపుతో ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు. కొన్నాళ్ళకి గమనించాను. చాటుగా గుసగుసలాడేవాళ్ళు నేరుగా వచ్చి, "ఇప్పుడెలా ఉందమ్మా, మాటలొస్తున్నాయా?" అని అడుగుతున్నారు. ముక్తేశ్వరం నుంచి ఒకావిడ ఇలాంటి బాబునే తీసుకుని, ఏదో పెళ్ళిలో విన్నానంటూ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ బాబూ అమ్ములూ కలిసి బెలూన్లు పేల్చారు. ఆ తర్వాత నేను పాప జుట్టుకి రెండు జడలు వేసి పైకి కట్టేశాను.

'ఆ' తర్వాత 'అమ్మ', అమ్మ తర్వాత అన్నం, కాకి, ఆవు. ఇప్పుడు దానికి మాటలకి కొదవలేదు. కొన్ని అక్షరాలు ఇంకా మెత్తగా వస్తాయి. తన గొంతు తనకి సరిగ్గా తెలీదు కాబట్టి చిన్న మాటైనా పెద్దగా అంటుంది. బయటికెళ్ళినప్పుడు పెదవి మీద వేలు పెట్టి చూపించడం నాకు అలవాటైపోయింది.

ఆయన పెద్దకార్యం అయ్యాక మా అమ్మతో కలిసి పలకరింపుకి వెళ్ళాను. అమ్ముల్ని కూడా తీసుకెళ్ళాను. స్టూడియో షట్టరు దించి ఉంది. దాని వెనక ఇంట్లో బంధువులు చాపల మీద కూర్చుని, ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నారు. బాబాయ్‌గారి భార్య, మా పిన్నిగారు, గోడకి ఆనుకుని కూర్చున్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. చేసిన మేలుకి థాంక్స్ చెప్పాలని దారంతా అనుకున్న మాటలు ఆ గుసగుసల మధ్య పైకి రాలేదు.

అప్పుడే అమ్ములు పెరటి గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చి, "అమ్మా! కోడిపిల్లలు!" అని అరిచింది.

చాపల మీదవాళ్ళందరూ తిరిగి చూశారు. నేను గబుక్కున పెదవి మీద వేలు పెట్టాను.

పిన్నిగారు నా చెయ్యి కిందకి దించేశారు. "ఊరుకోమనకమ్మా. ఆయన పోయిందగ్గర్నుంచీ ఈ ఇంట్లో గొంతెత్తిన మనిషి లేడు. అందరూ గుసగుసలే. నాకు పిచ్చెక్కిపోతంది" అన్నారు. అమ్ముల్ని దగ్గరికి తీసుకుని, దాని మొహం తనవైపు తిప్పుకుని, "ఎన్ని పిల్లలే?" అని గట్టిగా అడిగారు.

"ఆరు! కాదు, ఏడు!"

పిన్నిగారు కళ్ళు తుడుచుకుని, "సరిగ్గా చూడలేదు నువ్వు. మళ్ళీ లెక్కపెట్టొచ్చి చెప్పు" అని దాన్ని పెరట్లోకి పంపారు.